వెనకొచ్చేవాడి కోసం ఓ ఎర్రదీపం

*పాత కార్లకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. రంగులేయిస్తున్నారు, సీట్లు కుట్టిస్తున్నారు, బంపర్లకు మెరుగు పెట్టిస్తున్నారు. ముందు నుంచి చూస్తే కొత్త పెళ్లికొడుకే! మరి వెనక్కెళ్లి చూసేదెవరు?*

‘‘బ్రేకు నొక్కండి మాస్టారూ!’’

డిక్కీ దగ్గర గొంతుకూర్చున్న మేస్త్రి కేకేశాడు. స్టీరింగు ముందున్న మాస్టారు నొక్కారు. 1972 నాటి అంబాసిడర్ ఎడమవైపు ఎర్రదీపం భగ్గున వెలగాలి. వెలగకపోగా, ఉన్న కాస్త వెలుగూ తగ్గింది. పక్కనున్న పసుపు ఇండికేటరు మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు మినుకుమినుకుమంది.

‘‘వదలండి.’’ పసుపు ఆరిపోయింది.

‘‘మళ్లీ నొక్కండి.’’ మళ్లీ అదే తంతు.

మేస్త్రి నవ్వుతూ లేచాడు. ‘‘బల్బు తప్పేం లేదండీ. ఎర్త్ పోయింది.’’

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఓ శనివారం సాయంత్రం అది. ఓ పక్క లారీలకు బాడీలు కట్టే సుత్తుల మోత, ఇంకో పక్క వెల్డింగు మెరుపులు. ఆ సందడిలో రేకుల షెడ్డు కింద తెల్లగా, గుండ్రంగా మెరిసిపోతోందా అంబాసిడర్. తెనాలిలో లెక్చరరుగా చేసి రిటైరైన మాస్టారికి అది తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. రెండేళ్లుగా దానికి కావలసినవన్నీ చేయించారు. టింకరింగు అయింది, రంగయింది, ఇంజిను విప్పి బిగించడమైంది. వెనక లైట్ల జోలికి మాత్రం వెళ్లలేదు. ‘‘వెలుగుతున్నాయి కదా అని వదిలేశానండీ’’ అన్నారు.

వదిలేసింది ఎంత పెద్ద విషయమో ఆయనకు ఓ వానరాత్రి తెలిసింది. మంగళగిరి దాటాక ముందు గేదెలు అడ్డొస్తే బ్రేకేశారు. వెనక టైర్లు రోడ్డును గీసుకుంటున్న చప్పుడు. అద్దంలో లారీ హెడ్‌లైట్లు తప్ప ఇంకేం కనబడలేదు. జానెడు దూరంలో ఆగింది లారీ. డ్రైవరు దిగొచ్చి అద్దం కొట్టి ఒకటే మాటన్నాడట: ‘‘పెద్దాయనా, వెనక వెలిగేది లైటా, అగరొత్తా?’’

ఆ మాటే మాస్టారిని ఆటోనగర్‌కు తీసుకొచ్చింది.

ఇప్పుడెందుకీ ముచ్చట?

పాత బండ్ల గురించి కొన్నేళ్లుగా ఇంటింటా ఏదో ఒక మాట వినబడుతూనే ఉంది. 2021లో కేంద్రం తుక్కు విధానం తెచ్చింది. పదిహేనేళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్ష గట్టెక్కాలి. 2023 అక్టోబరు చివర్లో ముంబయి రోడ్ల మీది ఆఖరి ప్రీమియర్ పద్మినీ టాక్సీ సెలవు తీసుకుంటే, ఆ నగరంతో ఏ సంబంధం లేనివాళ్లు కూడా ఫోన్లలో ఆ ఫొటోలు పంచుకున్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో ఆగిపోయిన అంబాసిడర్ కోసం ఇప్పటికీ నిట్టూర్చేవాళ్లున్నారు.

మరోవైపు అదే 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. తొలిసారి రిజిస్ట్రేషనై యాభై ఏళ్లు దాటిన కారుకైనా, మోటారు సైకిలుకైనా ‘వీఏ’ అక్షరాలుండే ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కొత్తగా నమోదైతే రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కిరాయికి తిప్పకూడదు, రోజువారీ పనులకూ వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. దాంతో పెరట్లో కోళ్లకు గూడైపోయిన కార్లు కూడా షెడ్లకు చేరుతున్నాయి.

అలా చేరిన కార్లకు ఖర్చంతా ముందువైపే అవుతోందని మేస్త్రి ఫిర్యాదు. ‘‘గ్రిల్లు మెరవాలంటారు. హెడ్‌లైట్లు పెద్దవి కావాలంటారు. ఫొటో దిగేది ముందు నుంచే కదండీ!’’ నలభై ఏళ్లకు పైగా బండ్ల వైరింగే లోకంగా బతికిన మనిషి మాట అది.

హెడ్‌లైటు మనం చూడ్డానికి. వెనక దీపం మనల్ని ఇంకొకరు చూడ్డానికి. అది పాడైతే నడిపేవాడికి తెలియదు. తెలిసేది వెనకొచ్చేవాడికే, అదీ ఒక్కోసారి ఆలస్యంగా. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. వాటిలో వెనక నుంచి గుద్దుకున్నవే ఐదో వంతు పైగా ఉన్నాయి. అన్నిటికీ లైట్లే కారణం కాదు. కానీ ముందువాడు ఆగుతున్నాడన్న కబురు వెనకవాడికి చేరవేసేది ఆ దీపమొక్కటే.

దొంగ ఎక్కడ దాక్కున్నాడు?

మేస్త్రి దగ్గర పెద్ద పరికరాలేం లేవు. ఓ హోల్డరులో 12 వోల్టుల బల్బు, దానికి రెండు వైర్లు, ఓ చివర మేకు, ఇంకో చివర క్లిప్పు. ‘టెస్ట్ ల్యాంప్’ అంటారు. క్లిప్పు బాడీకి తగిలించి మేకును హోల్డరులో కరెంటొచ్చే చోట ఆనించాడు. బల్బు దివ్యంగా వెలిగింది. కరెంటు వస్తోంది. క్లిప్పు తీసి దీపం చట్రానికి తగిలించాడు. వెలగలేదు. అంటే వచ్చిన కరెంటుకు తిరిగి వెళ్లే దారి లేదు.

పాత కార్లలో ప్రతి దీపానికీ వచ్చే వైరు ఉంటుంది కానీ, వెళ్లేదానికి విడిగా వైరుండదు. కారు ఇనుప ఒళ్లే ఆ పని చేస్తుంది. దీపాన్ని బాడీకి బిగించిన మరలు తుప్పు పట్టినా, కొత్త రంగు మరల కిందకు చేరినా దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు ఊరుకోదు. పక్కనున్న ఇండికేటరు బల్బులోంచో, ఇంకోవైపు దీపంలోంచో దొడ్డిదారి వెతుక్కుంటుంది. బ్రేకు నొక్కితే పసుపు దీపం మినుకుమనడంలో మర్మం ఇదే. మాస్టారి కారు విషయంలో దోషం ఇంకా ముచ్చటైనది. ముచ్చటపడి వేయించిన కొత్త రంగే దారికి అడ్డుపడింది.

మేస్త్రి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు మరలు విప్పాడు. మేస్త్రి ఎమరీ కాగితంతో రంగు గీకి ఇనుము తేల్చాడు. అంతటితో వదల్లేదు. చట్రం నుంచి నల్లవైరు ఒకటి లాగి నేరుగా ఛాసిస్‌కు బిగించాడు. ‘‘ఇక మర తుప్పు పట్టినా మనకు బాధ లేదు’’ అన్నాడు.

ఆ తర్వాత హోల్డరు వంతు. లోపల అట్టబిళ్ల పాచిపోయింది. బల్బు అడుగును పైకి నెట్టే స్ప్రింగు సత్తువ పోయింది. వైరు తొడుగు వేలితో వంచితే పెళుసుగా రాలింది. ఇలాంటి చోట్ల కరెంటు దారిలోనే అరిగిపోతుంది. బల్బుకు 12 వోల్టులు చేరాల్సిన చోట 10 చేరితే తగ్గేది ఆరో వంతు వెలుగనుకుంటాం. నిజానికి దాదాపు సగం పోతుంది. ఫిలమెంటు బల్బు తీరే అంత. లారీ డ్రైవరు అగరొత్తు అన్నది ఊరికే కాదు!

గోళ్లరంగు కథ

కుడివైపు దీపం మీది ఎర్ర అద్దానికి ఓ మూల చిత్రమైన మరక. ఏమిటని అడిగితే మాస్టారు సిగ్గుపడుతూ చెప్పారు. ఎప్పుడో గేటుకు తగిలి పగిలితే, వాళ్లమ్మాయి గోళ్లరంగు పూసి పెట్టిందట. ఆ అమ్మాయికి ఇప్పుడు కాలేజీకి వెళ్లే కొడుకున్నాడు.

అద్దం అంటాం కానీ ఆ కాలపు కార్లకున్నది యాక్రిలిక్. ఎండకు మసకబారుతుంది, సన్నటి నెర్రెలిస్తుంది. రబ్బరు గాస్కెట్ గట్టిపడితే లోపలికి నీళ్లు చేరతాయి. అడుగునుండే చిన్న రంధ్రం మట్టితో పూడుకుపోతే ఆ నీళ్లు అక్కడే నిలిచి, వెలుగును వెనక్కి కొట్టే తళుకుబిళ్లను తుప్పు తినేస్తుంది.

మసకబారడం వరకే అయితే మందు చేతిలోనే ఉంది. నీళ్లలో ముంచిన వాటర్ పేపరుతో ముందు 1000, తర్వాత 1500, ఆపైన 2000 నంబరు రుద్ది, చివర్న కాంపౌండు పెట్టి గుడ్డతో తుడిస్తే సగం వయసు తగ్గుతుంది. మాస్టారి కుడి దీపాన్ని కుర్రాడు అరగంట రుద్దాడు. ముందు పాలలా తెల్లబడింది. ‘‘పాడుచేశావురా!’’ అని మాస్టారు కంగారుపడ్డారు. కాంపౌండు పడగానే దానిమ్మ గింజలా తేరింది.

పగులు అతకడానికి నేమ్‌ప్లేట్లు చేసేవాళ్ల ద్రావకం వాడతారు. అది జిగురు కాదు. యాక్రిలిక్‌ను ఓ క్షణం కరిగించి రెండు అంచుల్నీ ఒకటి చేస్తుంది. పల్చగా నీళ్లలా ఉండి, సందులోకి దానంతటదే పాకుతుంది. ముక్క ఊడిపోతే మాత్రం వేట తప్పదు. ఆటోనగర్ తుక్కు వరసలు, హైదరాబాద్ పుత్లీబౌలి దుకాణాలు, ఎర్రగడ్డ ఆదివారం సంత, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్... పాత కార్లవాళ్లకు ఇవే పుణ్యక్షేత్రాలు. అంబాసిడర్ యాభయ్యేళ్లకు పైగా తయారైంది కాబట్టి దాని సామాను ఇంకా దొరుకుతోంది. కానీ మార్క్ వన్ నుంచి నోవా దాకా ఒక్కోదానికి ఒక్కో తేడా. పాత దీపం చేతపట్టుకుని వెళ్లి పోల్చి చూసుకోకుండా కొంటే ఇంటికొచ్చాక మరల రంధ్రాలు కలవవు.

---
▣ వెనక దీపం వేషాలు

● తొలినాళ్ల కార్ల వెనక వేలాడింది కిరోసిన్ దీపం. నడిపేవాడు దిగి అగ్గిపుల్లతో వెలిగించుకునేవాడు.

● రెండో ప్రపంచ యుద్ధంలోని పి-38 విమానం తోకను చూసి ముచ్చటపడ్డ అమెరికా రూపశిల్పులు 1948 క్యాడిలాక్‌కు వెనక చిన్న రెక్కలు పెట్టారు. 1959 నాటికి అవి ఆకాశాన్నంటాయి. ఒక్కో రెక్కకు జంటగా తూటాల్లాంటి ఎర్రదీపాలు!

● మన పద్మినీ వెనక కనిపించే సన్నటి రెక్కలు కూడా ఆ కాలపు మోజే. దాని మూలం ఇటలీ ఫియట్ 1100.

● 1967 మెర్క్యురీ కూగర్ ఇండికేటరు దీపాలు లోపలి నుంచి బయటికి ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి. అందుకోసం డిక్కీలో చిన్న మోటారు తిరిగేది.
---

ఎల్‌ఈడీ పెడితే పోలా?

పెట్టొచ్చు. మాస్టారు కూడా జేబులో రెండు తెచ్చుకున్నారు. మేస్త్రి వాటిని చూసి పెదవి విరిచాడు.

పాత కార్లలో వెనక దీపానికీ, బ్రేకు దీపానికీ ఒకటే బల్బు. దాని కడుపులో రెండు ఫిలమెంట్లు. దుకాణంలో ‘డబుల్ పాయింట్’ అని అడిగితే ఇచ్చేస్తారు. రాత్రంతా మెల్లగా వెలిగేది 5 వాట్లది, బ్రేకు నొక్కితే తోడయ్యేది 21 వాట్లది. బల్బు మెడ దగ్గర రెండు ముళ్లు ఒకే ఎత్తులో ఉండవు. తిరగేసి పెట్టకుండా చేసిన ఏర్పాటది. ఆ 5కీ 21కీ మధ్యనున్న తేడానే వెనకవాడికి మనం చెప్పే మాట. చవక ఎల్‌ఈడీల్లో ఆ తేడా సరిగా ఉండదు. ఎప్పుడూ ఒకేలా భగభగమంటాయి. కాలు బ్రేకు మీదుందో లేదో వెనకవాడికి అర్థం కాదు.

మాస్టారు తెచ్చినవి తెల్ల ఎల్‌ఈడీలు. మేస్త్రి ఒకటి హోల్డరులో పెట్టి ఎర్ర అద్దం మూశాడు. దీపం గులాబీ రంగులోకి తిరిగింది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి. ఇంకో చిక్కూ ఉంది. మామూలు బల్బు చుట్టూతా వెలుగు చిమ్ముతుంది, లోపలి తళుకుబిళ్ల దాన్ని అంతటా పరుస్తుంది. మూతికే చుక్కలున్న ఎల్‌ఈడీ నడిమధ్యలో ఓ చుక్క వెలిగి, చుట్టూ చీకటి మిగులుస్తుంది. పక్కలకు కూడా చుక్కలున్నదాన్నే ఎంచుకోవాలి.

సరిగ్గా ఎంచుకుంటే లాభం గట్టిదే. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెనక వచ్చే బండి ఆ కాస్త వ్యవధిలో మూడు మీటర్లకు పైగా, అంటే ఓ ఆటో పొడవును మించి దూసుకొస్తుంది. మంగళగిరి రాత్రి లారీకీ, మాస్టారి బంపరుకూ మధ్య మిగిలింది జానెడు!

కరెంటూ కలిసొస్తుంది. పాత కార్లలో ఇప్పటిలా ఆల్టర్నేటరు కాదు, డైనమో. సిగ్నలు దగ్గర ఇంజిను నెమ్మదిస్తే దాని ఊపిరీ నెమ్మదిస్తుంది. రెండు బ్రేకు బల్బులకే 42 వాట్లు కావాలి. ఎర్ర ఎల్‌ఈడీలకు అందులో కొద్ది భాగం చాలు.

మేస్త్రి ఎర్ర ఎల్‌ఈడీలు రెండు తెప్పించి పెట్టాడు. ఇండికేటర్లకూ అవే పెట్టేద్దామా అనుకుంటుండగా మాస్టారు చెయ్యి అడ్డంపెట్టారు. ‘‘వాటిని మాత్రం కదపొద్దు మేస్త్రీ.’’

పాత ఇండికేటరు ‘టిక్కు టిక్కు’ శబ్దం ఫ్లాషరు డబ్బాది. బల్బులు గుంజే కరెంటు వేడికి దాని లోపలి రేకు వంగుతూ, చల్లారి సాగుతూ చేసే చప్పుడది. ఎల్‌ఈడీలు గుంజే కరెంటు ఆ రేకును వేడెక్కించడానికి చాలదు. కాబట్టి ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేయాలి. వేస్తే ఆ పాత చప్పుడు పోతుంది.

‘‘నాన్నగారు రాత్రిపూట వచ్చి వీధి మలుపు దగ్గర ఆగితే ఆ టిక్కు టిక్కు ఇంట్లోకి వినిపించేదండీ. అమ్మ లేచి స్టవ్వు వెలిగించేది’’ అన్నారు మాస్టారు. మేస్త్రి ఇంకేం మాట్లాడలేదు. ఇండికేటర్ల హోల్డర్లు మాత్రం శుభ్రం చేసి, పాత బల్బులే బిగించాడు.

---
▣ మార్చే ముందు చూసుకోండి

● ముందు ఎర్త్, తర్వాత హోల్డరు, ఆ తర్వాతే బల్బు. ఎర్త్ బాగులేని చోట ఎల్‌ఈడీ పెడితే రోగం దాక్కుంటుంది కానీ నయం కాదు.

● ఎల్‌ఈడీకి కరెంటు ఒకే దిశలో వెళ్లాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. ముందు అది చూసుకుని బల్బు కొనాలి.

● బ్రేకు దీపం ఆలస్యంగా వెలుగుతుంటే బల్బును కాక స్విచ్చిని అనుమానించాలి. చాలా పాత కార్లలో ఆ స్విచ్చి బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. గట్టిగా నొక్కితే తప్ప కలవదు. స్విచ్చి మార్చి, దాని మీద భారం పడకుండా ఓ రిలే వేయాలి.

● విప్పిన ప్రతి పాత ముక్కనూ డబ్బాలో దాచుకోండి. వైరు కత్తిరించకుండా, బాడీకి కొత్త రంధ్రం వేయకుండా చేసిన మార్పే మంచి మార్పు.
---

మూడో దీపం సంగతి

1970ల్లో అమెరికాలో జాన్ వోయెవోడ్‌స్కీ అనే మనస్తత్వవేత్త ఓ ప్రయోగం చేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 343 టాక్సీలకు వెనక మధ్యలో అదనంగా ఓ బ్రేకు దీపం పెట్టించాడు. అది లేని టాక్సీలతో పోల్చి చూస్తే వీటిని వెనక నుంచి గుద్దడం 60 శాతం తగ్గింది. చివరికి 1986 మోడల్ నుంచి అక్కడి కార్లన్నిటికీ మూడో దీపం తప్పనిసరైంది. అందరికీ అలవాటయ్యాక ఫలితం పలచబడింది. దీర్ఘకాలంలో తగ్గుదల 4.3 శాతమేనని అక్కడి ప్రభుత్వ అధ్యయనం 1998లో తేల్చింది. అయినా ఆ దీపాన్ని ఎవరూ తీసేయలేదు. దాని ఖర్చుతో పోలిస్తే ఆ కాస్త మేలూ ఎక్కువే కదా!

పాత కారుకు మూడో దీపం కావాలంటే బాడీకి రంధ్రాలు వేయనక్కర్లేదు. వెనక అద్దం లోపలివైపు, సీటు వెనక అరుగు మీద సన్నటి ఎర్ర పట్టీ పెట్టి బ్రేకు వైరుకు కలిపితే చాలు. ప్రదర్శనకు వెళ్లే రోజు తీసి పక్కన పెట్టుకోవచ్చు. మాస్టారు దీనికి మారుమాట లేకుండా తలూపారు.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

కంపెనీ ఇచ్చిన రూపురేఖలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వెనక దీపం ఎర్రగా వెలగాలి, దూరం నుంచి కనబడాలి అంటాయి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు. నంబరు ప్లేటు మీద పడేది తెల్లటి వెలుగై ఉండాలి. కాబట్టి నల్లటి పొర అంటించిన ‘స్మోక్’ అద్దాలూ, నీలం మెరుపులూ, బ్రేకేస్తే చిందులేసే రంగుల పట్టీలూ అందం కాదు, నేరం. వింటేజ్ నంబరు కోరుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పైకి కనిపించేదేదీ మారకుండా ఉంటేనే ఆ కారుకు విలువ. ఏ మార్పు మీదైనా అనుమానముంటే చేయించాక కాదు, చేయించకముందే ఆర్టీఏ కార్యాలయంలో అడగడం మేలు.

చేతులు ఖాళీ అవుతున్నాయి

ఈ కథలో దీపాలకంటే ముందే ఆరిపోయేలా ఉన్నది ఇంకొకటుంది. మేస్త్రి దగ్గర ఒకప్పుడు ఆరుగురు కుర్రాళ్లు పని నేర్చుకునేవారట. ఇప్పుడున్నది ఒక్కడు. కొత్త కార్లలో లైటు పోతే దీపం మొత్తాన్నే మార్చేస్తారు. హోల్డరు విప్పడం, స్ప్రింగు సాగదీయడం, వైరు రంగు చూసి అది ఎక్కడికి పోతుందో చెప్పడం ఇక ఎవరికీ అక్కర్లేని విద్య. ‘‘కంప్యూటరు పెడితే తప్పెక్కడుందో అదే చెబుతుందంట. మా బండ్లు చెప్పవండీ. మనమే అడిగి తెలుసుకోవాలి’’ అన్నాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ. పాత కారు బతకాలంటే సామాను ఒక్కటే చాలదు. ఇలాంటి చేతులూ బతకాలి. బాగుచేయించుకున్నవాళ్లు కూలి దగ్గర బేరమాడకుండా ఉంటే అదీ ఓ సాయమే.

చీకటి పడింది. మాస్టారు అంబాసిడర్‌ను బయటికి తీశారు. ఆయన వెనకే నా బండిలో నేనూ బయల్దేరాను. బెంజిసర్కిల్ దాటి కనకదుర్గ వారధి ఎక్కేసరికి మా మధ్యకు నాలుగైదు కార్లు, ఓ బస్సు చేరాయి. అయినా ఆ ఎర్రదీపాలు రెండూ తెలుస్తూనే ఉన్నాయి. ముందు ఏదో ఆగింది. రెండు దీపాలూ, అద్దంలోని సన్నటి పట్టీ ఒక్కసారిగా గుప్పుమన్నాయి. నా కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్లింది. మధ్యలో ఉన్న బండ్లన్నీ కూడా నెమ్మదించాయి.

ఇంటికొచ్చాక నా కారు వెనక్కి వెళ్లి చూశాను. ఆరేళ్ల బండి, ఎడమ బ్రేకు దీపం వెలగట్లేదు. ఎన్నాళ్లుగానో తెలియదు.

ఈ రాత్రి మీరూ ఓ పని చేయండి. మీ బండిని గోడకు వెనకతట్టుగా నిలిపి బ్రేకు నొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండువైపులా ఎరుపు సమానంగా పడిందా? పడకపోతే రేపు పొద్దున్నే దగ్గర్లోని ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. బల్బు ఖరీదు కొన్ని పదుల రూపాయలే.